‘లింగ నిర్ధారణ శస్త్రచికిత్స’ అనవచ్చునా?

ట్రాన్స్ మహిళలకు (పుట్టినప్పుడు మగగా నమోదైన స్త్రీలకు) చేసే వెజైనోప్లాస్టీని, అంటే యోనిని నిర్మించే శస్త్రచికిత్సను వివరించే ఒక కరపత్రంలో ఆ చికిత్సను ‘లింగ నిర్ధారణ శస్త్రచికిత్స’ అని రాయడం చూసి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. తెలుగులో లింగ నిర్ధారణ అనగానే ఎవరికైనా తోచేది కడుపులోని బిడ్డ ఆడో మగో తేల్చే పరీక్ష. 1994 నాటి చట్టం నిషేధించినదీ, స్కానింగు కేంద్రాల గోడలమీద నేరమని రాసి ఉండేదీ అదే. ‘లింగ మార్పిడి’ వాడుకలో పాతుకుపోయింది గాని, తాను స్త్రీనేనని ఎరిగిన వ్యక్తికి అక్కడ మారేది శరీరమే. ‘లింగ ధ్రువీకరణ’ కొంత నయమైనా, 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం కింద కలెక్టరు ఇచ్చే ధ్రువపత్రంతో కలగలిసిపోతుంది. ‘లింగ గుర్తింపుకు అనుగుణమైన చికిత్స’ అన్నది పొడుగే, అయినా దారి తప్పించదు.

ఇక వెజైనోప్లాస్టీకి ‘యోని నిర్మాణం’ చాలునని నా అభిప్రాయం. పుట్టుకతో యోని ఏర్పడని స్త్రీలకు కూడా ఈ పేరుగల శస్త్రచికిత్సే చేస్తారు కనుక అందులో ‘మార్పిడి’ని చొప్పించడం పొరపాటు. హిజ్రాలు చెప్పుకునే ‘నిర్వాణం’ కూడా దీనికి పర్యాయపదం కాదు. అందులో అవయవాలను తొలగించడమే తప్ప యోనిని నిర్మించడం లేదు.

అసలు చిక్కు పద్ధతుల పేర్లతోనే. 1956లో కాసాబ్లాంకాలో ఫ్రెంచి వైద్యుడు జార్జ్ బురూ మొదలుపెట్టిన పద్ధతిని కరపత్రం ‘పురుషాంగ విలోమం’ అంది. విలోమమంటే మనకు వెనకనుంచి ముందుకు చదివే పద్యం గుర్తొస్తుంది. ఇక్కడ జరిగేది వేరు: పురుషాంగపు చర్మాన్ని రక్తప్రసరణ తెగకుండా విడదీసి, దిండు గలీబును తిరగేసినట్టు లోపలికి తిప్పి, మూత్రమార్గానికీ పురీషనాళానికీ నడుమ ఏర్పరచిన ఖాళీలో గోడగా అమరుస్తారు. అందుచేత ‘చర్మం తిరగేసే పద్ధతి’ అంటే రోగికీ అర్థమవుతుంది, వైద్యుడికీ అభ్యంతరముండదు. ఆ చర్మం చాలనప్పుడు వృషణాల తిత్తి చర్మాన్ని అతుకుతారు. లేదా పెద్దపేగు చివరి ముక్కనో, పొట్ట లోపలి పల్చని పొరనో వాడతారు. వీటిని ‘పేగు పద్ధతి’, ‘పొట్టపొర పద్ధతి’ అనడానికి మనం ఎందుకు సంకోచించాలి? పేగు ముక్క తనంతట తానే జిగురు స్రవిస్తుందన్న సంగతి కూడా ఆ పేరుతోనే సులువుగా తలకెక్కుతుంది.

యోనిలో పెట్టుకునే కడ్డీలాంటి సాధనమైన డైలేటర్‌ను మాత్రం ‘వ్యాకోచకం’ చేయవద్దు. కొత్త మార్గం కుంచించుకుపోకుండా నెలల తరబడి ఇంట్లో తన చేత్తో వాడుకోవలసిన మనిషి దానిని డైలేటరనే అడుగుతుంది.