ఫస్ట్ క్లాస్‌లో అమ్మతో తిరుగు ప్రయాణం, ఫ్రాంక్‌ఫర్ట్‌లో 19 గంటల ఆలస్యం: మైళ్లతో తీసుకున్న టికెట్టుకు పరిహారం వస్తుందా?

కాజీపేట వాసి

మా చెల్లెలు జర్మనీలోని మైంజ్‌లో ఉంటుంది. ఆమె కాన్పుకని వెళ్లిన అమ్మను తీసుకురావడానికి గత నెలలో నేను వెళ్లాను. అమ్మకు 71 ఏళ్లు, రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. వెళ్లేటప్పుడు ఎకానమీలో కాళ్లు ముడుచుకుని కూర్చుంటే, దిగేసరికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదట. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఎనిమిదేళ్ల ఆఫీసు ప్రయాణాలతో పోగైన మైళ్లన్నీ (తరచూ ప్రయాణించేవారికి విమాన సంస్థ ఇచ్చే పాయింట్లు) ఊడ్చి, పన్నులు మాత్రం చేతి డబ్బుతో కట్టి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి గల్ఫ్ మీదుగా హైదరాబాద్‌కు ఇద్దరికీ ఫస్ట్ క్లాస్ టికెట్లు తీసుకున్నాను.

విమానం రాత్రి 9:50కి. అందరికంటే ముందు ఎక్కించారు. ఎయిర్ హోస్టెస్ సీటును మంచంలా పరిచి, పైన మెత్తటి పరుపు వేసింది. "ఇంతమంది ఉండగా ఇక్కడ పడుకోవడమా?" అని అమ్మ కాసేపు సంకోచించి, కొంగు కప్పుకుని ఒరిగింది. అంతలో ఎక్కడో హైడ్రాలిక్ ద్రవం కారుతోందని, మెకానిక్కులు చూస్తున్నారని కెప్టెన్ చెప్పాడు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. మరమ్మతు పూర్తయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 వరకు విమానాలు ఎగరకూడదన్న నిబంధన ఉందని, పైగా సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోయాయని చెప్పి అందరినీ దించేశారు. నేను భుజం తట్టి లేపితే అమ్మ కళ్లు తెరిచి, "హైదరాబాద్ వచ్చేసిందా?" అని అడిగింది. విమానం గేటు దగ్గర నుంచి అంగుళం కదల్లేదు. ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

మిగతావాళ్లను హోటల్‌కు పంపారు. అమ్మకు అది ఆ దేశంలో 90వ రోజు. వీసా గడువు అర్ధరాత్రితో ముగిసింది కాబట్టి బయటకు వెళ్లడం కుదరదని విమాన సంస్థ ఉద్యోగి చెప్పారు. లాంజ్‌లో సోఫా మీద రాత్రంతా గడిపాం. ఇన్సులిన్ పెన్ను అమ్మ చేతిసంచిలోనే ఉంది కానీ, సూదులు చెకిన్ చేసిన పెట్టెలో వెళ్లిపోయాయి. ఉదయం మందుల దుకాణం తెరిచే వరకు నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. మర్నాడు సాయంత్రం 4:40కి విమానం కదిలింది. గల్ఫ్‌లో ఎక్కాల్సిన విమానం అప్పటికే వెళ్లిపోయింది. తర్వాతి దాంట్లో ఫస్ట్ క్లాస్ సీట్లు లేవని బిజినెస్ క్లాస్‌లో కూర్చోబెట్టారు. మొత్తం 17 గంటల 40 నిమిషాలు ఆలస్యంగా శంషాబాద్ చేరాం.

మైళ్లతో తీసుకున్న టికెట్టుకు పరిహారం వర్తించదని కౌంటర్‌లో అన్నారు. ఇప్పుడేమో తలా 100 యూరోల కూపన్ ఇస్తాం, అంగీకరించండి అని ఈమెయిల్ వచ్చింది. ఒప్పుకోవాలా? ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉంటే దయచేసి చెప్పండి.

రైన్ ఒడ్డు

ఆ కూపన్‌ను అంగీకరించకండి. మీ సంతకం లేకుండా నగదుకు బదులు కూపన్ ఇచ్చే హక్కు వాళ్లకు లేదు.

యూరోపియన్ యూనియన్ 2004లో చేసిన 261వ నంబరు నిబంధన మీకు వర్తిస్తుంది. యూనియన్ దేశాల నుంచి బయలుదేరే విమానం ఏ దేశపు సంస్థదైనా సరే, దాని పరిధిలోకి వస్తుంది. కౌంటర్‌లో చెప్పిన మాట తప్పు. ఉచితంగా ప్రయాణించేవారికి, జనానికి అందుబాటులో లేని రాయితీ ధరలతో వెళ్లేవారికి ఆ నిబంధన వర్తించదన్నది నిజమే. కానీ అదే మూడో అధికరణంలో ఆ వెంటనే, మైళ్ల పథకం కింద ఇచ్చిన టికెట్లకు మాత్రం వర్తిస్తుందని విడిగా రాసి ఉంది. మీ లేఖలో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి. నాలుగేళ్ల క్రితం మా మామగారి విషయంలో నేను అదే చేశాను.

రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉంటే చివరి గమ్యానికి ఎంత ఆలస్యంగా చేరారన్నదే లెక్క. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ 3,500 కిలోమీటర్ల కంటే చాలా ఎక్కువ కాబట్టి మనిషికి 600 యూరోలు. ఫస్ట్ క్లాస్ అని ఎక్కువ ఇవ్వరు, ఎకానమీ అని తగ్గించరు. చేరిన సమయమంటే చక్రాలు నేలను తాకిన సమయం కాదు, తలుపు తెరిచిన సమయం. మీకు తేడా గంటల్లో ఉంది కనుక బెంగ లేదు.

సాంకేతిక లోపం అసాధారణ పరిస్థితి, కాబట్టి పరిహారం ఇవ్వనక్కర్లేదు అని వాళ్లు జవాబు రాస్తారు, చూడండి. విమానాలు నడిపే సంస్థకు ఇలాంటి లోపాలు మామూలు పనిలో భాగమేనని, వాటిని సాకుగా చూపడం సాధారణంగా చెల్లదని యూరోపియన్ న్యాయస్థానం 2008లోనే చెప్పింది. రాత్రి నిషేధాన్ని కూడా ముందుకు తెస్తారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అది 2011 నుంచి ఉంది. అక్కడి నుంచి విమానాలు నడిపే ఏ సంస్థకూ అది కొత్త విషయం కాదు.

బిజినెస్‌లో కూర్చోబెట్టారన్నారు కదా, ఆ విషయం వేరుగా అడగండి. పదో అధికరణం ప్రకారం తరగతి తగ్గించిన భాగానికి ధరలో కొంత వాపసు ఇవ్వాలి. గల్ఫ్ నుంచి హైదరాబాద్ దూరానికి అది 50 శాతం. మీరు ఖర్చు పెట్టింది మైళ్లు కనుక ఆ భాగానికి పోయిన మైళ్లలో సగం మీ ఖాతాలో తిరిగి వేయమనండి. సూదులకు రసీదు ఉంటే, ఆలస్యం వల్ల కలిగిన నష్టంగా, అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు సంబంధించిన మాంట్రియల్ ఒప్పందం కింద ఆ డబ్బూ కోరవచ్చు. దానికి గడువు రెండేళ్లు. 600 యూరోల సంగతికి జర్మనీ చట్టంలో, ఆ సంవత్సరం ముగిసినప్పటి నుంచి మూడేళ్ల సమయం ఉంది. అయినా ఆలస్యం చేయకండి.

ఒక్క బాధ మాత్రం నాకు మిగిలింది. విమానం రద్దవడమో ఆలస్యమవడమో ప్రయాణికుల తప్పు కాదు. అలాంటప్పుడు షెంగెన్ వీసా గడువును రుసుము లేకుండా పొడిగించే వీలు చట్టంలోనే ఉంది. సరిహద్దు పోలీసుల దగ్గరకు తీసుకెళ్లమని విమాన సంస్థను గట్టిగా అడిగి ఉంటే అమ్మగారు మంచం మీద పడుకునేవారేమో. ఇది చదివే మిగతావారైనా గుర్తుపెట్టుకోండి.

శంషాబాద్ ఉద్యోగిని

నేను వీల్‌చైర్ సహాయం చూసే విభాగంలో పనిచేస్తున్నాను. మీరు రాసింది చదివి ఆ సూదుల దగ్గరే ఆగిపోయాను. ఇలా పెన్ను చేతిలో, సూదులు పెట్టెలో పెట్టుకుని వచ్చేవాళ్లను తరచుగా చూస్తుంటాను. డాక్టరు రాసిన చీటీతో సహా కనీసం మూడు రోజులకు సరిపడా మందులు, సూదులు చేతిసంచిలోనే ఉండాలి. ఏ తరగతి టికెట్టయినా ఇంతే.

ఇంకో మాట. ఇదే ఆలస్యం ఇక్కడి నుంచి బయలుదేరేటప్పుడు, యూరప్‌కు చెందని సంస్థ విమానంలో జరిగి ఉంటే మీకు 600 యూరోలు వచ్చేవి కావు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో భోజనం, హోటల్, ఆరు గంటలు దాటితే వేరే విమానమో పూర్తి వాపసో ఉన్నాయి కానీ, ఆలస్యానికి నగదు పరిహారం లేదు. ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. చంటిపిల్లలతో నేల మీద దుప్పట్లు పరుచుకునే తల్లులను రోజూ చూస్తుంటాను.

కాజీపేట వాసి

ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. కూపన్ వద్దని నిన్ననే రాసేశాను. అధికరణాల నంబర్లు వేసి రెండు లేఖలు తయారుచేశాను, నా పేరున ఒకటి, అమ్మ పేరున ఒకటి.

అమ్మ లేఖను ఆమెకు చదివి వినిపించాను. మొత్తం విని, "మరి ఆ నిజామాబాద్ వాళ్లకో?" అని అడిగింది. అదే విమానంలో వెనుక వరుసల్లో ఆరు నెలల బాబుతో ఒక జంట ఉన్నారు. దించేసిన రాత్రి బాబు గుక్కపట్టి ఏడుస్తుంటే, అమ్మ వాళ్లను పిలిచి తన సంచిలోని మెత్తటి శాలువా ఇచ్చింది. ఎకానమీ టికెట్టుకు ఏమీ రాదనుకుని వాళ్లు 100 యూరోల కూపన్‌తోనే సరిపెట్టుకుంటారని నాకు భయంగా ఉంది. ఆయన ఫోన్ నంబరు నా దగ్గరుంది. ఇప్పుడే ఫోన్ చేసి, ఆ ఈమెయిల్‌కు అంగీకారం తెలపవద్దని, బోర్డింగ్ పాసులు పారేయకుండా ఉంచమని చెబుతాను. లేఖ నేనే రాసి పంపుతాను.