మొసలి ఏనుగును పట్టిందా, తీసిందా?

తాళపత్రం:
వేమన్న పద్యమొకటి కొన్నాళ్ళుగా నన్ను వేధిస్తోంది. "నీళ్ళలోన మొసలి నిగిడి యేనుగు" వరకు నోటికి వస్తుంది కానీ, ఆ పాదం చివర "బట్టు" అని ఉందో "దీయు" అని ఉందో తేలడం లేదు. రెండు విధాలుగానూ చదివిన గుర్తు ఉంది. ఆ తర్వాత "బయట కుక్కచేత భంగపడును, స్థానబలిమి గాని తన బలిమి గాదయా" అని సాగుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఘర్షణ పాఠం చెప్పేటప్పుడు ఈ పద్యాన్ని వాడుకోవాలని నా ఆలోచన. పట్టడమంటే కదలనివ్వకుండా నిలపడం, తీయడమంటే లాక్కుపోవడం. మొదటిది స్థైతిక ఘర్షణకు, రెండోది గతిక ఘర్షణకు దారితీస్తుంది కాబట్టి ఆ ఒక్క మాట మీదే పాఠమంతా ఆధారపడి ఉంది. తెలిసినవారు చెప్పగలరు.

ఆటవెలది:
ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదండీ. "నుగుబట్టు" అన్నా "నుగుదీయు" అన్నా సలమనే గణమే (రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు) అవుతుంది. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన పొత్తు, "నీళ్ళ", "నిగిడి" దగ్గరే చెల్లిపోయింది కాబట్టి పాదాంతంలోని మాటకు దాని కాపలా లేదు. నా చెవికి మాత్రం "బట్టు" అన్నదే సరైన మాట అనిపిస్తుంది. "బట్టు, బయట, భంగపడును" అని బకార భకారాలు ఒకదాని వెంట ఒకటి నడిచి వస్తాయి. మధ్యలో "దీయు" అంటే ఆ నడక తెగుతుంది.

నక్రం:
ఆటవెలది గారూ, నాదం కన్నా మూలం బలమైన సాక్ష్యం. పంచతంత్రంలో "నక్రః స్వస్థానమాసాద్య గజేంద్రమపి కర్షతి" (మొసలి తన చోట ఉంటే గజేంద్రుణ్ణైనా లాగుతుంది) అని శ్లోకం ఉంది. స్థానం తప్పిన ఆ మొసలే "శునాపి పరిభూయతే" అని ముగుస్తుంది. చివరి మాటలకు "కుక్కచేత భంగపడును" అన్నది అచ్చంగా తెలుగు రూపమైనప్పుడు, "కర్షతి" అన్నదానికి "దీయు" కాక మరో మాట ఎలా నప్పుతుంది? కర్షణమంటే లాగడమే కదా.

ఆటవెలది:
వేమన్న ఆ శ్లోకాన్ని ఎదురుగా పెట్టుకుని అనువదించాడని ఎవరు చెప్పగలరు? బ్రౌన్ దొర 1829లో అచ్చు వేయించే నాటికే ఈ పద్యాలు ఎన్నో నోళ్ళలో నలిగాయి. పాడేవాడి నాలుకకు ఏది సుళువైతే అది నిలిచింది. శ్లోకం తెలిసిన పండితుడెవరో "బట్టు"ను "దీయు"గా దిద్ది ఉండవచ్చునని కూడా అనుకోవచ్చు.

లంబకోణం:
పాఠాంతరాల సంగతి మీరు చూడండి. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను కాబట్టి, ఆ మొసలి నిజంగా ఏం చేయగలదో లెక్క వేసి చెబుతాను. 4 టన్నుల ఏనుగు బరువు 39,200 న్యూటన్లు. అది సమతలమైన గట్టి నేల మీద నిలబడితే నేల కూడా దాన్ని అంతే బలంతో పైకి నెడుతుంది. అభిలంబ బలమంటే అదే. ఘర్షణ గుణకం, అంటే అభిలంబ బలంలో ఎంత వంతు ఘర్షణగా దక్కుతుందో చెప్పే సంఖ్య, 0.4 అనుకుంటే, కాళ్ళు జారిపోకుండా నేల ఇవ్వగలిగిన గరిష్ఠ ఘర్షణ 15,680 న్యూటన్లు. ఇప్పుడు దేహంలో సగం నీటిలో మునిగిందనుకుందాం. ఏనుగు సాంద్రత నీటి సాంద్రతకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దాదాపు సగం బరువును నీరే మోస్తుంది. అభిలంబ బలం సగమవుతుంది, దానితో పాటు ఘర్షణ హద్దు 7,840 న్యూటన్లకు దిగిపోతుంది. అడుగున బురద ఉంటే గుణకం కూడా తగ్గి, ఆ హద్దు ఇంకా కిందికి జారుతుంది. 200 కిలోల మొసలిని గట్టు మీద నిలబెడితే, అదే గుణకంతో దానికి దక్కే ఘర్షణ 784 న్యూటన్లు మాత్రమే. నీటిలో దానికి నేలతో పనే లేదు; తోకతో నీటిని వెనక్కి నెడితే నీరు దాన్ని ముందుకు నెడుతుంది. వేమన్న "స్థానబలిమి" అన్నదానికి నాకు తోచే అర్థం ఇదే: బలం మొసలి కండరాల్లో ఉన్నా, అది దేన్ని ఆనుకుని నెడుతోందన్న దాని మీదే ఫలితం ఆధారపడుతుంది. ఏనుగు కాళ్ళు గట్టిగా అడుగుకు ఆని ఉన్నంత సేపు "దీయు" అనడం కష్టం; కాళ్ళు తేలే లోతుకు వెళ్తే అభిలంబ బలం సున్నా అవుతుంది, అప్పుడు "దీయు" అన్న మాటకు అవకాశం ఉంటుంది.

గజేంద్రం:
ఏనుగు, మొసలి అన్నాక పోతన్న దగ్గరికి వెళ్ళకుండా ఎలా ఉండగలం?
"కరిఁ దిగుచు మకరి సరసికిఁ
గరి దరికిని మకరిఁ దిగుచుఁ గరకరి బెరయన్
గరికి మకరి మకరికిఁ గరి
భర మనుచును"
అన్నచోట కరి, మకరి ఎలా ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతున్నాయో చూడండి. "మకరి" అన్నప్పుడల్లా అందులో "కరి" వినబడుతూనే ఉంటుంది. పట్టు విడిపించుకోలేని రెండు దేహాలను ఆయన అక్షరాలతోనే పెనవేశాడు. న్యూటన్ 1687లో ప్రకటించిన మూడో నియమాన్ని (ప్రతి చర్యకూ సమానమైన, ఎదురు దిశలో ప్రతిచర్య ఉంటుంది) పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి పద్యం దొరకదు. రెండూ సమానంగా లాగుతున్నాయి కాబట్టి ఏదీ గెలవదు, అందుకే ఆ పోరు అంత కాలం సాగింది.

లంబకోణం:
పద్యం విషయంలో మీతో ఏకీభవిస్తాను కానీ, చివరి వాక్యాన్ని అలాగే వదిలేస్తే పిల్లలు పొరబడతారు. మొసలి ఏనుగును లాగే బలం, ఏనుగు మొసలిని లాగే బలం ఎప్పుడూ సమానమే. ఏనుగు ఓడిపోయి లోపలికి జారుతున్న క్షణంలోనూ సమానమే. చర్య ఒక వస్తువు మీద, ప్రతిచర్య మరో వస్తువు మీద పనిచేస్తాయి కాబట్టి అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. ఏనుగు ఎటు కదులుతుందో తేలాలంటే ఏనుగు మీద పనిచేసే బలాలనే చూడాలి: అడ్డంగా ఒకవైపు మొసలి లాగుడు, మరోవైపు బురద ఇచ్చే ఘర్షణ. ఒడ్డుకు నడవాలంటే కాలు బురదను నీటివైపు నెట్టాలి, అప్పుడే బురద కాలిని ఒడ్డువైపు నెడుతుంది. తాడు లాగే పోటీలోనూ గెలుపు ఇలాగే పాదాల కింద తేలుతుంది.

ఆటవెలది:
గజేంద్రం గారు అరసున్నలను ఉంచి రాయడం చాలా సంతోషం కలిగించింది. నేటి అచ్చు ప్రతుల్లో అవి లేకుండా "కరి దిగుచు మకరి" అని వేస్తే, లాగేది కరా మకరా అన్నది మాయమై, ఏనుగు మడుగులోకి దిగుతోందేమోనన్న భ్రమ కూడా కలుగుతుంది. "కరిఁ" అన్నప్పుడే కరిని అన్న ద్వితీయా విభక్తి నిలుస్తుంది, "తిగుచు" అన్న క్రియ బయటపడుతుంది. బలం ఎవరి మీద పనిచేస్తోందో చెప్పేది ఆ అరసున్నే.

నక్రం:
మంచి మాట అన్నారు. తిగుచుట అంటే లాగుటే కాబట్టి పోతన్న కూడా నా పక్షానే ఉన్నట్టు లెక్క. పైగా "కరకరి" అన్నచోట నాకు రాపిడి వినిపిస్తుంది. రెండు గరుకు తలాలు ఒరుసుకునే చప్పుడు లోంచే ఆ మాట పుట్టి ఉంటుందని నా నమ్మకం.

గజేంద్రం:
అక్కడ కరకరిని క్రోధమనే చదువుతూ వచ్చాం, "బెరయన్" అన్న క్రియకు కూడా అదే అతుకుతుంది. కోపం పెచ్చరిల్లుతుంది కానీ రాపిడి పెచ్చరిల్లుతుందని పోతన్న అంటాడా? అలా అనాలంటే ఆయనే రాసిన మరో ప్రయోగం చూపించాలి.

తాళపత్రం:
అందరికీ కృతజ్ఞతలు. లంబకోణం గారి లెక్క చదివాక నాకు మరో అక్షరం మీద సందేహం వచ్చింది. "నీళ్ళలోన మొసలి" అని నేను రాశాను కానీ "నీళ్ళలోని మొసలి" అని కూడా కొందరు చదువుతారు. "లోని" అంటే అది మొసలికి విశేషణమై, నీటిలో బతికే జీవి అన్నంతే అవుతుంది. "లోన" అంటే ఆ పట్టడమో తీయడమో నీటిలో జరగాలన్న నియమం క్రియకే తగులుకుంటుంది. స్థానబలిమి అన్న మూడో పాదానికి "లోన" అన్నదే కావాలని నా వాదం. ఆటవెలది గారూ, మీ దగ్గరున్న ప్రతిలో ఏముందో చూసి చెబుతారా?