ట్యాంక్ గేముల్లో రియలిజం ఎంత? ఆర్మర్డ్‌లో (సైన్యం ట్యాంకు దళంలో) పనిచేసినవాళ్లు చెప్పండి

రాకీ_గుంటూరు: వార్ థండర్ రియలిస్టిక్ మోడ్‌లో టీ-72 ఆడుతున్నాను. పెనెట్రేషన్ (గుండు కవచాన్ని చీల్చడం), రీలోడ్, డ్యామేజ్, ఈ మూడింట్లో అసలు ట్యాంకుకి ఎంత దగ్గర? వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ సంగతి వద్దు, హెల్త్ బార్ ఉన్నది నా దృష్టిలో ట్యాంకే కాదు.

దఫేదార్_రిటైర్డ్: నేను టీ-72 డ్రైవర్‌ని. ఆ మూడూ తర్వాత తమ్ముడూ, ముందు కళ్ల సంగతి చూడు. గేములో కెమెరా ట్యాంకు వెనకాల పైన తిరుగుతూ గోడ అవతల ఉన్నవాణ్ణి కూడా చూపిస్తుంది. మాకు హ్యాచ్ మూస్తే పెరిస్కోప్ అద్దమే దిక్కు, ముందు ట్యాంకు లేపిన దుమ్ముకి అదీ పనికిరాదు, కమాండర్ ఇంటర్‌కామ్‌లో ఎటు తిప్పమంటే అటు తిప్పడమే. రాజస్థాన్‌లోని మహాజన్ ఫైరింగ్ రేంజ్‌లో మే నెల ఎండకి ఇనుము తాకితే చెయ్యి కాలేది, ఏసీ లేదు. ట్రాక్ (చక్రాల చుట్టూ ఉండే ఇనుప పట్టా) తెగితే మీరు బటన్ నొక్కుతారు. మేం ముగ్గురం ఇసుకలో దిగి సుత్తె పట్టుకుని పిన్నులు కొడుతూ పూట గడిపేవాళ్లం.

సిమ్_మాత్రమే: సిమ్యులేటర్ మోడ్‌లో బయటి కెమెరా ఉండదు, శత్రువు మీద మార్కర్ ఉండదు. అది ఆడకుండా గేము మీద తీర్పులేంటండీ?

హిస్టరీ_హైదరాబాద్: కళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. 1965 సెప్టెంబర్, పంజాబ్‌లోని అసల్ ఉత్తర్, పాక్‌తో ట్యాంకుల యుద్ధం. గేములో పాత షెర్మన్ ట్యాంకుతో ప్యాటన్‌కి (అప్పుడు పాక్ వాడిన ట్యాంకు) ఎదురెళ్తే పని అయిపోయినట్టే అంటారు. అక్కడ మన డెక్కన్ హార్స్ రెజిమెంట్ షెర్మన్లతోనే నిలబడింది. ఆ రెజిమెంట్ మూలాలు నిజాం కాలం నాటి హైదరాబాద్ గుర్రపు దళాల్లో ఉన్నాయి, ఇది మనవాళ్లలో సగం మందికి తెలియదు. చెరుకు తోటల్లో దాక్కుని, పొలాలకి నీళ్లు వదిలి ప్యాటన్లు దిగబడేలా చేశారు. పాక్ పోగొట్టుకున్నవి దాదాపు 97 ట్యాంకులు.

ప్యాటన్48: మళ్లీ మొదలా? ప్రతిసారీ చెరుకు తోటే గెలిపించినట్టు చెబుతారు. ప్యాటన్‌ది 90 ఎం.ఎం. గన్, మంచి ట్యాంకు. నడిపించినవాళ్లు సరైన కాల్బలం తోడు లేకుండా గుడ్డిగా చొచ్చుకొచ్చారు, తప్పు అక్కడుంది. మనవైపు సెంచూరియన్ ట్యాంకులు కూడా ఉన్నాయి కదా, వాటి పేరెందుకు ఎత్తలేదు?

హిస్టరీ_హైదరాబాద్: ప్యాటన్ చెడ్డదని నేనెక్కడన్నాను? రాసింది చదివి మాట్లాడు. సెంచూరియన్లు 3 క్యావల్రీ అనే వేరే రెజిమెంట్‌వి, నేను మాట్లాడింది డెక్కన్ హార్స్ గురించి.

ప్యాటన్48: నీకొక్కడికే చరిత్ర తెలిసినట్టు మాట్లాడకు. ఆ గన్ లెక్కలన్నీ నా దగ్గరున్నాయి, ఏ దూరంలో ఏది చీలుతుందో చెప్పగలను.

దఫేదార్_రిటైర్డ్: లెక్కలు సరే. దిగబడ్డ ట్యాంకుకి ఏ లెక్క పనికొస్తుంది?

మెదక్_కుర్రోడు: కాల్బలం అన్నారు కాబట్టి నా బాధ వినండి. మా నాన్న ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో బీఎంపీ-2 తయారీలో పనిచేశారు, మనం సారథ్ అనేది దాన్నే. గేములో దాన్ని చిన్న ట్యాంకులా తీసుకెళ్లి 30 ఎం.ఎం. గన్‌తో ఎదురెళ్లి కాలిపోయి, చెత్త బండి అని తిడతారు. అది వెనకాల ఏడుగురు సైనికుల్ని కూర్చోబెట్టి దింపడానికి చేసిన బండి! దింపడానికి సైనికులే లేని గేములో దాని విలువ ఏం తెలుస్తుంది? నాకైతే రియలిజంలో పెద్ద లోటు ఇదే, కవచం మందం కాదు.

సిమ్_మాత్రమే: ఇది ఒప్పుకుంటాను. కవచం మందం మాట మాత్రం ఇక్కడ ఎత్తకండి. 2021లో గేములో బ్రిటిష్ ట్యాంకు ఛాలెంజర్ 2 మోడల్ తప్పని నిరూపించడానికి ఒకతను బయటపెట్టకూడని సైనిక పత్రాలు గేము ఫోరంలోనే పెట్టేశాడు. మనకి ఆ తలనొప్పి వద్దు.

రాకీ_గుంటూరు: అన్నా, రీలోడ్, డ్యామేజ్ ఇంకా ఎవరూ చెప్పలేదు.

దఫేదార్_రిటైర్డ్: రీలోడ్ మెషీన్ చేస్తుంది, క్యారౌజెల్‌లో (గుండ్లు పేర్చి ఉండే తిరిగే చక్రం) 22 రౌండ్లు. అవి అయిపోతే చేత్తో నింపుకోవాలి, బండి ఊగుతుంటే అదో నరకం. ఇక డ్యామేజ్. మీ గేములో డ్రైవర్ పోతే ఇంకొకడు కొన్ని సెకన్లలో ఆ సీట్లోకి వచ్చేస్తాడు. నిజంలో గన్ నా హ్యాచ్ మీదికి వచ్చి ఆగిపోతే ఆ తలుపు తెరుచుకోదు, నేను బయటికి రాలేను. అందుకే ట్రైనింగ్‌లో టరెట్ (గన్ ఉండే తిరిగే పైభాగం) ఎటు తిరిగి ఉందన్నది నా మనసులోంచి ఎప్పుడూ పోలేదు.

ప్యాటన్48: ఇది ఏ గేమూ చూపించదు సార్.

సిమ్_మాత్రమే: శనివారం రాత్రి సిమ్ రూమ్ పెడుతున్నా. రాకీ, నువ్వు డ్రైవర్ సీటు వ్యూలోనే ఆడాలి.