1852 ఇంగ్లండ్ కథలో బావామరదళ్లకి పెళ్లి చేయొచ్చా?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. ఆన్‌లైన్‌లో ఒక సీరియల్ రాస్తున్నాను, కథ 1852లో ఇంగ్లండ్‌లో జరుగుతుంది. హీరోకి భార్య పోయి రెండేళ్లు, ఇద్దరు పిల్లలు. ఆమె చెల్లెలికి ముప్ఫై ఒకటి, పెళ్లి కాలేదు, అక్క పోయిన వారం నుంచి ఆ ఇంట్లోనే ఉండి పిల్లల్ని చూసుకుంటోంది. ఎనిమిది భాగాలయ్యాయి. చివరి సీన్‌లో చిన్నదానికి జ్వరం, రాత్రంతా మంచానికి చెరో పక్క కూర్చుని తడిగుడ్డ మారుస్తుంటారు, గుడ్డ అందుకుంటూ ఆయన ఆమె చెయ్యి వదలడు. అక్కడ బావామరదళ్ల పెళ్లి చెల్లదండీ అని ఒక పాఠకురాలు కామెంట్ పెట్టారు. మన ఇళ్లలో మామూలే కదా, నాకు అనుమానమే రాలేదు. నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

పాతకాగితం:
నిజమేనండి. పెళ్లయితే మొగుడూ పెళ్లాం ఒకే శరీరమని చర్చి లెక్క, అందుకని భార్య చెల్లెలు సొంత చెల్లెలి కిందే జమ. ఎవరు ఎవర్ని చేసుకోకూడదో రాసిన పట్టికను చర్చి గోడకి తగిలించేవాళ్లు కూడా. అయినా 1835కి ముందు ఇలాంటి పెళ్లి జరిగితే, ఇద్దరూ బతికుండగా ఎవరైనా చర్చి కోర్టుకెక్కి కొట్టేయిస్తే తప్ప నిలబడేది. 1835 చట్టం మాత్రం, ఇకమీదట చేసుకునేవి అసలు పెళ్లిళ్లే కావంది. మళ్లీ 1907లో గానీ అనుమతి రాలేదు.

నన్నడిగితే కథను 1820కి జరపండి. ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ తమ్ముడు చార్లెస్ నౌకాదళంలో కెప్టెన్. 1814లో భార్య ఫ్యానీ కాన్పు తర్వాత ఓడ మీదే పోయింది, ముగ్గురు ఆడపిల్లలు మిగిలారు. వాళ్లని ఫ్యానీ తోబుట్టువు హ్యారియెట్ పెంచింది, 1820లో ఆయన ఆమెనే చేసుకున్నాడు. అచ్చం మీ కథే.

సీమచింత:
జరపొద్దండీ, 1852 అయితేనే ఆ తడిగుడ్డ సీన్‌కి బరువు. అప్పట్లో తెగించినవాళ్లు వేరే దేశం వెళ్లి చేసుకొచ్చేవాళ్లు. బ్రూక్ అనే ఆయన 1850లో మరదల్ని అప్పటి డెన్మార్క్‌లో ఉన్న వాండ్స్‌బెక్‌కి తీసుకెళ్లి పెళ్లి చేసుకున్నాడు. 1855లో ఇద్దరూ కలరాతో పోయారు, ఆస్తి గొడవ అప్పట్లో అన్నిటికంటే పై కోర్టయిన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) దాకా వెళ్తే 1861లో అది పెళ్లే కాదని తీర్పొచ్చింది, ఎందుకంటే వాళ్ల స్థిరనివాసం ఇంగ్లండ్. అంటే ఆమెకి పుట్టిన పిల్లలు అక్రమ సంతానం. చిత్రకారుడు హోల్మన్ హంట్ కూడా అంతే, భార్య 1866లో ఫ్లోరెన్స్‌లో పసిగుడ్డుని వదిలేసి పోతే, 1875లో ఆమె చెల్లెలు ఈడిత్‌ని స్విట్జర్లాండ్‌లో చేసుకున్నాడు.

మామిడితాండ్ర:
చట్టం సంగతి పెద్దవాళ్లు చెప్పారు, నేను ఇంటి సంగతి చెప్తాను. మా అమ్మమ్మ మా తాతయ్యకి రెండో భార్య, అక్క పోతే పిల్లలు పరాయిదాని పాలవుతారని ఈమెని ఇచ్చేశారు. నీకిష్టమేనా అని ఒక్కరూ అడగలేదట. ఆవిడ వాడిన వెండి కుంకుమ భరిణె మీద అక్క పేరే ఉండేది, చివరిదాకా మార్పించలేదు. మేం అడిగితే, పిల్లలు అక్కవే, భరిణె అక్కదే అనేది. మీ హీరోయిన్‌కి ఎలాగూ ముప్ఫై ఒకటి, అన్నీ తెలిసిన మనిషి. హీరో అడిగాడు, ఆమె తలూపింది అని రాయకండి దయచేసి. పుట్టబోయే పిల్లల సంగతీ, అక్క పిల్లల సంగతీ ఆమె నోటితోనే తేల్చనివ్వండి.

గోదారిగట్టు:
అందరికీ చాలా థాంక్స్. 1852 అలాగే ఉంచుతున్నాను. జ్వరం తగ్గాక ఆదివారం పిల్లలతో చర్చికి వెళ్తుంది, ఆ పట్టిక కిందే కూర్చుంటుంది, పెద్దది అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతూ దీని అర్థం ఏంటి పిన్నీ అని అడుగుతుంది. తొమ్మిదో భాగం అక్కడ మొదలుపెడతాను.