చామనఛాయ అంటే ఏ రంగు?

పెద్దలకు నమస్కారం. మాది కర్నూలు. మా చెల్లెలి పెండ్లి సంబంధాల కోసం వివరాల కాగితం రాస్తూ, రంగు అన్న వరుసలో నేను 'చామనఛాయ' అని రాశాను. మా పిన్నమ్మ దాన్ని కొట్టేసి 'గోధుమ వర్ణం' అని దిద్దింది. సంబంధాలు చూసే ఆయన దాన్ని కూడా మార్చి 'ఎరుపు' చేశాడు. ఆ కాగితం చూసిన మా చెల్లెలు రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. చామనఛాయ అంటే అసలు ఏ రంగు? అది దాచిపెట్టవలసిన మాట ఎందుకయింది? తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

*

అమ్మా, కడప నుంచి రాస్తున్నాను. చాలా ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి కాబట్టి ముందు మాట పుట్టుక చెబుతాను. 'చామన' అన్నది సంస్కృతంలోని 'శ్యామ' శబ్దం నుంచి మనకు వచ్చిన రూపం. శ్యామ అంటే నలుపు. 'ఛాయ' అంటే నీడ, కాంతి, రంగు. అంటే చామనఛాయలో నలుపు పుట్టుకతోనే ఉన్నది. నలుపుకూ తెలుపుకూ నడిమి రంగు అని ఇప్పుడు మనం చెప్పుకొనే అర్థం వాడుకలో స్థిరపడినది. దానిని తప్పని నేను అనను. అయితే ఆ నడిమి స్థానంలో కూడా మాట నలుపు వైపు మొగ్గే నిలబడుతుంది. మీరు రాసిన మాట సరైనది.

బద్వేలు దగ్గరి గోపవరంలో పుట్టిన మొల్ల తన రామాయణంలో రాముణ్ణి 'నీలమేఘచ్ఛాయఁ బోలు దేహమువాఁడు' అన్నది. మీ చెల్లెలి కాగితంలో కొట్టివేతకు గురైన 'ఛాయ', ఈ పద్యంలోని 'ఛాయ' ఒకటే. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య తన స్వామిని 'నల్లని మేని నగవు చూపులవాఁడు' అని పాడాడు. పోతన భాగవతంలోని గోపికలు కృష్ణుణ్ణి వెదుకుతూ అతని గుర్తులు చెప్పవలసి వచ్చినప్పుడు మొట్టమొదట చెప్పినది 'నల్లనివాఁడు' అనే. కళ్ళు, నవ్వు, నెమలిపింఛం అన్నీ ఆ తర్వాతివి. పోగొట్టుకొన్న మనిషి ఆనవాళ్ళు చెప్పేటప్పుడు మనకు ఎక్కువ ప్రియమైనదే ముందు నోటికి వస్తుందని నేను నమ్ముతాను.

ఇదే పోతన సరస్వతిని తలచుకొన్నప్పుడు శరత్కాలపు మేఘం, చంద్రుడు, కర్పూరం, హంస, మల్లెలు, మంచు, నురుగు, వెండికొండ అంటూ తెల్లనివాటి వరుసనే పేర్చాడు. అది చూపించి మన కవులు కూడా తెలుపునే మెచ్చారని వాదించేవారున్నారు. నాకు అలా తోచదు. చదువుల తల్లి రూపానికి తెలుపును, గోపికల ప్రాణానికి నలుపును ఇచ్చిన కవి రెండు రంగులనూ తన మనసుకు దగ్గరగానే పెట్టుకొన్నాడు. ఒకదానిని పైమెట్టు మీద, ఇంకొకదానిని కిందిమెట్టు మీద నిలబెట్టలేదు.

అయితే మీ చెల్లెలి బాధకు ఈ పద్యాలు చాలవని నాకు తెలుసు, ఎందుకంటే నేను చెప్పిన నల్లనివారందరూ మగవారు. మన కావ్యాలలో మేఘం నాయకుడైతే మెరుపుతీగ నాయిక. ఆడవారి వర్ణనలో నలుపు లేకపోలేదు, కాని అది వెంట్రుకల దగ్గర, కనుపాపల దగ్గర, కాటుక దగ్గర ఆగిపోతుంది. జడ తుమ్మెదల బారు అవుతుంది, చూపు నల్లకలువ అవుతుంది, మేను మాత్రం బంగారమో చంపకమో కావాలి. మేనిరంగును బట్టే 'కృష్ణ' అన్న పేరు వచ్చిన ద్రౌపది మనకున్న గొప్ప మినహాయింపు. ఆమె అందం ఒక మహాకథను నడిపించింది. ఇన్ని తరాలుగా భారతం చదువుతున్న మనం ద్రౌపది బొమ్మ వేయవలసి వచ్చినప్పుడు ఆమెకు కూడా తెల్లని రంగే పూస్తున్నాము. నాకు ఇది చిన్న విషయంగా కనిపించదు.

ఈ మార్పు సంస్కృతంలోనే మొదలయింది. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు తన భార్యను 'తన్వీ శ్యామా' అంటాడు. మన తెలుగువాడైన మల్లినాథసూరి అక్కడ శ్యామ అంటే యువతి అని వ్యాఖ్యానించాడు. కోశాల ఆధారం ఉన్నది కనుక తప్పు పట్టలేము. వ్యాఖ్యాతలు తరచుగా ఉదాహరించే ఇంకొక శ్లోకమైతే చలికాలంలో వెచ్చగా, ఎండకాలంలో చల్లగా ఉండే దేహమూ, కరిగించిన బంగారం వంటి వన్నె ఉన్న స్త్రీని శ్యామ అంటారని చెబుతుంది. నలుపన్న మాట వయసుగా మారింది, ఆ పైన బంగారంగా మారింది. మీ పిన్నమ్మ ఇప్పుడు చేసిన దిద్దుబాటును పండితులు ఏనాడో చేసి పెట్టారు. కనుక ఆమె మీద కోపం పెట్టుకోవద్దని నా మనవి. ఆమె కూడా మీ చెల్లెలికి మేలు కోరే ఆ మాట మార్చి ఉంటుంది.

బొమ్మల సంగతి కూడా చెప్పాలి. రాజా రవివర్మ 1894లో అచ్చుయంత్రం పెట్టిన తర్వాత రంగుల దేవతాపటాలు సామాన్యుల ఇళ్ళలోకి చేరాయి. ఆ పటాలలో, వాటి దారిలో వచ్చిన క్యాలెండర్లలో లక్ష్మీ సరస్వతులు తెల్లగా ఉంటారు, రామకృష్ణులు నీలంగా ఉంటారు. మనిషి మేనికి లేని నీలాన్ని దేవునికి ఇచ్చి మనం నలుపు నుంచి తప్పించుకొన్నాము. మా ఒంటిమిట్ట గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో వెలిశారు. అందుకే ఆ ఊరికి ఏకశిలానగరమని పేరు. అక్కడ రాముడి రంగు ఒకటి, సీత రంగు ఒకటి కాదు. రాతికి ఆ భేదం తెలియదు, అచ్చుకాగితానికి తెలుసు.

అన్నింటికన్నా నన్ను ఎక్కువగా కలతపెట్టేది 'రంగు తక్కువ' అన్న మాట. పిల్ల నల్లగా ఉంటే మనం రంగు తక్కువ అంటాము, తెల్లబడితే రంగు తేలింది అంటాము. ఈ వాడుకలో రంగు అంటేనే తెలుపు అయి కూర్చున్నది. నలుపు ఒక రంగుగా కాక, ఒక కొరతగా మిగిలిపోయింది. 'ఛాయ తక్కువ' అనేవారు కూడా ఉన్నారు. తక్కువ అన్న మాటను రోజూ వింటూ పెరిగిన ఆడబిడ్డ తనను తాను దేనితో కొలుచుకొంటుందో వేరే చెప్పనక్కరలేదు. 1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరులోంచి తెలుపును తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. సీసా మీది మాట మారింది, మన నోటి మాట ఇంకా మారలేదు.

*

అయ్యవారికి నమస్కారం. అనంతపురం నుంచి రాస్తున్నాను. 'ఎరుపు' గురించి ఒక మాట కలుపుతాను. మా వైపు 'పాప ఎర్రగా ఉండాది' అంటే తెల్లగా ఉందనే అర్థం, 'ఎర్రగా బుర్రగా' అంటే అందంగా, పుష్టిగా అని అర్థం. అయితే మా ముందు తరంలో ఎర్రప్పలు ఎందరో నల్లప్పలు కూడా అందరే ఉండేవారు. రెండూ పిలుచుకొనే పేర్లే, ఎవరూ చిన్నబోయింది లేదు. ఆ పేర్లు ఇప్పటి పిల్లలకు పెట్టడం లేదు. మన కొండల పేర్లలో మాత్రం నల్లమలలు, ఎర్రమలలు పక్కపక్కనే నిలిచి ఉన్నాయి. మా జేజి నల్లరేగడి చేను చూసి 'నేలంటే ఇది' అనేది, అదే నోటితో నల్లగా పుట్టిన మనవరాలిని చూసి నిట్టూర్చేది. నల్లరేగడి తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది కనుక వానలు తక్కువైన ఎర్రనేలల రైతుకు దాని విలువ తెలుసు. నేల దగ్గర ఉన్న ఆ తెలివి బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఎటు పోతుందో నాకు అర్థం కాదు.

లేపాక్షి కూడా గుర్తుకు వస్తున్నది. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529 నుంచి 1542 నడుమ, విరుపణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రుని గుడి కప్పు మీద పార్వతీకల్యాణం ఉంది. మట్టి నుంచి, ఆకుల నుంచి తీసిన రంగులతో వేసిన బొమ్మలవి. ఆ ఆడవారి చీరల అంచుల్ని మన నేతవారు తీసుకొని లేపాక్షి డిజైన్లని పేరు పెట్టారు. చీరను కప్పు మీద నుంచి దించుకొన్నాము, ఆ చీర కట్టిన మేని మట్టిరంగును అక్కడే వదిలేశాము.

*

అనంతపురం మిత్రులు చెప్పిన నల్లప్పల మాట నాకు తట్టలేదు, చాలా సంతోషం. ఇక వర్ణక్రమం గురించి ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను: 'చామనఛాయ' అని ఒత్తుతో రాసినా, 'చామనచాయ' అని ఒత్తు లేకుండా రాసినా దోషం లేదు. చామన తద్భవం కనుక దాని పక్కన చాయ అన్న తద్భవమే పొందికగా ఉంటుందని నా అభిప్రాయం, అచ్చులో మొదటిదే ఎక్కువ కనిపిస్తుంది.

*

అయ్యవారికీ, అనంతపురం అన్నగారికీ కృతజ్ఞతలు. మీరు రాసినవి మా చెల్లెలికి చదివి వినిపించాను. రంగు అన్న వరుసను కాగితంలోంచి మొత్తంగా తీసేయమన్నది, తీసేశాను. పిన్నమ్మ కొంచెం సణిగినా ఒప్పుకొన్నది. 'నల్లనివాఁడు' పద్యం బడిలో చదివినదే అయినా మొదటి పాదం దాటి గుర్తులేదంటున్నది. అరసున్నలతో సహా పూర్తి పాఠం పెట్టగలరా?

*

తప్పకుండా అమ్మా. ఇది దశమస్కంధంలోనిది. చదివేటప్పుడు ఒకటి గమనించమనండి, ఆ నల్లనివాని జాడను గోపికలు అడుగుతున్నది తెల్లని మల్లెలను.

నల్లనివాఁడు పద్మనయనంబులవాఁడు కృపారసంబు పైఁ
జల్లెడువాఁడు మౌళిపరిసర్పితపింఛమువాఁడు నవ్వు రా
జిల్లెడు మోమువాఁ డొకఁడు చెల్వల మానధనంబుఁ దెచ్చె నో
మల్లియలార! మీ పొదలమాటున లేఁడు గదమ్మ! చెప్పరే!