సమస్యాపూరణం: “నింద గెలిచిన చోటనే నిజము గెలిచె”

నిర్వాహకులు: ఈ వారం సమస్య తేటగీతి అనే నాలుగు పాదాల ఛందస్సులో చివరి పాదం. విరోధంగా కనబడే ఈ పాదానికి అర్థం పొసిగేలా ముందు మూడు పాదాలు మీరు రాయాలి.

నింద గెలిచిన చోటనే నిజము గెలిచె

గణాలు: నింద (హ), గెలిచిన (నల), చోటనే (ర), నిజము (న), గెలిచె (న). యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) నిం–ని. విషయం రాజకీయ వాదాల్లో ముద్రలు వేయడం: ద్రోహి, అమ్ముడుపోయినవాడు, భజనపరుడు వంటి మాటలతో ఎదుటివాడి నోరు మూయించడం. బతికున్న నాయకుల పేర్లు, పార్టీలు, కులాలు పద్యంలోకి తేవద్దు. మూడో పాదం చివర “అనుట కల్ల” అని తగిలించి తప్పించుకునే దారి అందరికీ తెలిసిందే. దాన్ని పూరణగా లెక్కించం. విరోధం కనబడే పాదాన్ని అబద్ధమని కొట్టిపారేస్తే విరోధం అలాగే ఉండిపోతుంది, తీరదు.

పాదచారి:

ద్రోహి యనుమాట విడనాడి, రుజువు లడిగి,
చేసినది యేమొ తేదితో చెప్పుమనుచు,
పట్టు విడువక సభలోన పరుల నోటి
నింద గెలిచిన చోటనే నిజము గెలిచె.

నిర్వాహకులు: పాదచారి గారూ, చాలా బాగుంది. “పండు తిన్నాడు” అన్నట్టు జడవాచకానికి ద్వితీయ లేకుండానే కర్మార్థం వస్తుంది. ఆ వెసులుబాటుతో “నింద గెలిచిన” అన్నది “నిందను గెలిచిన” అయింది. సమస్యలో అక్షరం కదలకుండా విరోధం పోయింది. మొదటి పాదంలో ద్రో–రు సంయుక్తాక్షర యతి (జంట అక్షరంలోని రకారంతో పొత్తు) సరిపోయింది. “పరుల నోటి” అన్న విశేషణం మూడో పాదం చివర పడి నాలుగో పాదంలోని “నింద”ను పట్టుకోవడంతో రెండు పాదాలూ అతుకు తెలియకుండా కలిశాయి.

రెండో పాదాన్ని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. “ద్రోహి” అన్న మాటకు “కాదు” అని బదులిస్తే ఓడిపోయినట్టే. చర్చంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది, విన్నవాళ్లకు గుర్తుండేదీ అదే. “ఏ పని? ఎప్పుడు? ఎక్కడ రాసి ఉంది?” అని అడిగితే ముద్ర వేసినవాడు ఒక పనిని చూపించాలి. చూపిస్తే దాని మీద వాదించవచ్చు, చూపలేకపోతే సభకు తెలిసిపోతుంది.

యతిప్రియ:

సఫ్రజెట్టని పత్రిక సరసమాడ,
తిట్టునే స్త్రీలు జెండాగ పట్టుకొనిరి;
ఓటు చేజిక్కె తుదకిట్టు లువిదలకును;
నింద గెలిచిన చోటనే నిజము గెలిచె.

నిర్వాహకులు: ఇక్కడ నింద కర్తగానే ఉండి గెలిచింది. రెండో పాదంలో తిట్టు–పట్టు ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం), మూడో పాదంలో “ఇట్టులు + ఉవిద” సంధిలో ఓ–ఉ స్వరయతి (అచ్చుల పొత్తు), రెండూ నిర్దోషం. “సరసమాడ” మాత్రం మెత్తగా ఉంది. 1906లో లండన్ పత్రిక డైలీ మెయిల్ ఓటుహక్కు కోరే స్త్రీలకు ఆ పేరు పెట్టినప్పుడు మాట చివర చిన్నతనాన్ని సూచించే తోక తగిలించింది. అందులో స్నేహం లేదు. “చవుకచేయ” అంటే అర్థం పదునెక్కుతుంది, స–చ మైత్రి యతికీ సరిపోతుంది.

గణపాఠి: యతిప్రియ గారి పూరణకు చరిత్ర ఆధారం గట్టిది. ఆ స్త్రీల సంఘం 1912లో తన పత్రికకు ఆ పేరే పెట్టుకుంది. కానీ “ఇట్టులు” అన్న మాట మీద నాకు అభ్యంతరం. 1918లో ఓటు వచ్చింది ముప్పై ఏళ్లు నిండి, ఆస్తి షరతు కుదిరినవాళ్లకే. మగవాళ్లతో సమానంగా 21 ఏళ్లకే ఓటు 1928లో వచ్చింది. ఆ పేరుకూ ఓటుకూ నడుమ మొదటి ప్రపంచయుద్ధం ఉంది, ఆ పేరు పెట్టుకోని వేరే సంఘాల శ్రమ ఉంది. పేరు ఎత్తుకున్నందువల్లే ఓటు దక్కిందనడం ఎక్కువ. “తుదకింక” అంటే ఆ కార్యకారణ సంబంధం తొలగుతుంది: తుదకింక లువిద అని లకారం మిగులుతుంది కనుక “తుదకింక నువిదలకును” అనాలి.

నిర్వాహకులు: అక్కడ నుగాగమానికి (నడుమ నకారం వచ్చి చేరడానికి) అవకాశం లేదు గణపాఠి గారూ. “ఇట్టులు” ఉండనిద్దాం. మీ చారిత్రక అభ్యంతరం మాత్రం న్యాయమే.

లఘువు: అన్ని తిట్లనూ ఇలా జెండా చేసుకోవచ్చా?

యతిప్రియ: కుదరదు. స్థాయిని ఎగతాళి చేసే పేర్లే అలా మారతాయి. 1566లో నెదర్లాండ్స్‌లో విన్నపం తెచ్చిన ప్రభువర్గంవారిని “బిచ్చగాళ్లు” అంటే వాళ్లు ఆ పేరే పెట్టుకున్నారు. ఇంగ్లండులో విగ్, టోరీ రెండూ 17వ శతాబ్దంలో తిట్లుగా అంటించినవే. చేసిన నేరాన్ని ఆరోపించే మాట వేరు. “లంచగొండి” అన్న పేరును గర్వంగా ఎవరూ తగిలించుకోలేరు, దానికి రుజువు అడగడమొక్కటే దారి.

లఘువు: నా ప్రయత్నం:

మూర్ఖు లొక్కటై ప్రజలను మోసగించి
గొంతు చించుకు తిట్టిరి సత్యవాది;
తిట్టుకొక సాక్ష్య మడిగెను ధీరుడొకడు;
నింద గెలిచిన చోటనే నిజము గెలిచె.

నిర్వాహకులు: మూడో పాదం ఈ పూటకే మేటి పాదం. రెండో పాదంలో గొ–స యతి చెల్లలేదు, “సత్యవాది”కి “ని” కూడా తప్పనిసరి. మనిషి జడం కాదు కనుక పాదచారి గారికి దొరికిన వెసులుబాటు ఇక్కడ దొరకదు.

అంతకంటే పెద్ద చిక్కు మొదటి పాదంలో ఉంది. ముద్రలు వేయడాన్ని ఖండించే పద్యం “మూర్ఖులు” అన్న ముద్రతో మొదలైంది. వాళ్లేం చేశారో చెప్పకముందే తీర్పు వచ్చేసింది. “సత్యవాది” కూడా ముద్రే, మనకు నచ్చినవాడికి వేసింది. పని చెప్పండి, తీర్పు చదువరికి వదలండి:

లెక్క లడిగిన వానినే లేచి జనులు
గొంతు చించుకు తిట్టిరి కూటమందు;
తిట్టుకొక సాక్ష్య మడిగెను ధీరుడతడు;
నింద గెలిచిన చోటనే నిజము గెలిచె.

లఘువు: సవరణకు ధన్యవాదాలండీ. కానీ కొన్ని ముద్రలు నిజమే కావచ్చు కదా? ఎన్నికలు రద్దుచేసి, పత్రికలు మూయించినవాణ్ణి నియంత అనకూడదా?

పాదచారి: అనవచ్చు, మీరిప్పుడు అన్న క్రమంలో. ముందు రెండు పనులు చెప్పారు, పేరు తర్వాత వచ్చింది. ఇంకో పరీక్ష కూడా పెట్టండి: అవే పనులు మనవాడు చేస్తే ఆ మాటే వాడతామా? వాడమంటే అది వర్ణన కాదు, తిట్టే. మాట తీసేసి చదివినా ఆరోపణ నిలవాలి.

గణపాఠి: ఇంకో దారిలో నా పూరణ:

చేత కాగిత మూపుచు చెప్పె నొకడు;
పేర్లు చూపని పట్టిక బెదరగొట్టె;
అతని సభవారె గర్హించి రంతమందు;
నింద గెలిచిన చోటనే నిజము గెలిచె.

విదేశాంగ శాఖలో కమ్యూనిస్టులున్నారని ఆరోపించిన అమెరికా సెనేటర్ జోసెఫ్ మెకార్తీని ఉద్దేశించి రాశాను.

నిర్వాహకులు: “చోటనే” అన్న మాటకు నిండు విలువ ఇచ్చిన పూరణ ఇదొక్కటే. చోటు ఒకటే, కాలాలు వేరు: నింద మొదట గెలిచింది, నిజం తర్వాత. అదే సెనేట్ 1954 డిసెంబరు 2న 67–22 ఓట్లతో ఆయన్ను గర్హించింది. పేరు చెప్పకుండానే మనిషి తెలుస్తున్నాడు, ముద్ర ఒక్కటీ పడలేదు.

పాదచారి: రెండో పాదంలో “పేర్లు చూపని” అనడం ఎంతో సరైన ఎంపిక. 1950 ఫిబ్రవరిలో విదేశాంగ శాఖలోని కమ్యూనిస్టుల సంఖ్య ఆయన నోట మొదట 205గా పత్రికల్లో వచ్చింది. తర్వాత 57 అయింది, అదే నెలలో సెనేట్‌లో 81. పట్టిక నిజంగా ఉంటే లెక్క అలా మారదు.

లఘువు: “కాగిత మూపుచు చెప్పె” దగ్గర సరళాదేశం చేసి (చకారాన్ని జకారంగా మార్చి) “జెప్పె” అనాలా?

నిర్వాహకులు: “ఊపుచున్” ద్రుతాంతం (నకారంతో ముగిసేది) కనుక “మూపుచు జెప్పె” అనడం వ్యాకరణానికి దగ్గర. చే–జె యతికీ భంగం లేదు. గణపాఠి గారూ, అలా మార్చి తుది ప్రతి ఇవ్వండి.