ఉదయపు బండిలో తోటివారిని గమనించడం మర్యాదేనా?

ప్రశ్న (ఇచ్ఛాపురం ప్రయాణికుడు):
నమస్కారం. మా ఇల్లు ఇచ్ఛాపురంలో, ఉద్యోగం బరంపురంలో. రోజూ ఉదయం పలాస వైపు నుంచి వచ్చే ప్యాసింజరు ఎక్కుతాను. సుర్లా రోడ్డు, గొలంత్రా దాటి బరంపురం చేరేలోగా ఫోను చూడడం కంటే ఎదుటి బెంచీల వారిని చూడడమే నాకు ఇష్టం. మొన్న ఉద్దానం నుంచి మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్తున్న ఒక పెద్దాయన, రద్దీలో ఎక్స్‌రే కవరు మడత పడకుండా దాన్ని వీపుకూ కిటికీ గోడకూ మధ్య నిలబెట్టి, నిద్ర ముంచుకొస్తున్నా ముందుకు వాలకుండా కూర్చోవడం చూశాను. ఇలాంటివి నోటుబుక్కులో రాసుకోవాలని ఉంది. అయితే పరాయివారిని ఇలా పరిశీలించడం సభ్యత కాదని నా మిత్రుడొకరు వాదిస్తున్నారు. మీరేమంటారు?

జవాబు (బరంపురం వాసి):
మీ మిత్రుని మాట పెద్ద నగరాలకు కొంత వర్తిస్తుందేమో గానీ, మన బండికి వర్తించదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పాత గంజాం జిల్లాను చీల్చి బరంపురాన్ని అటు కలిపి, ఇచ్ఛాపురాన్ని, సోంపేటను మద్రాసు రాష్ట్రంలోనే ఉంచారు. గీత పడింది గానీ బంధుత్వాలు, బేరాలు, వైద్యం, పెళ్లిపట్టు చీరల కొనుగోళ్లు ఆ గీతకు రెండు వైపులా సాగుతూనే ఉన్నాయి. అందుచేత ఈ బండిలో "కొంచెం జరగండి" అని అడగాలన్నా, ఎదుటివారితో తెలుగులో మాట్లాడాలో ఒడియాలో మాట్లాడాలో ముందుగా చూపుతోనే తేల్చుకోవాలి. శంఖు గాజులు ఉన్నాయా, మెడలో నల్లపూసలున్నాయా, చేతిలోని పత్రిక ఏ లిపిలో ఉంది అని అందరమూ ఒక క్షణం పరికించేవాళ్లమే. ఆ గుర్తులు తరచుగా తప్పుతాయి కూడా, ఎందుకంటే శంఖు గాజులు వేసుకున్న కోడలు గారు అత్తగారితో చక్కని సిక్కోలు తెలుగులో పోట్లాడుతూ కనిపించడం ఇక్కడ వింతేమీ కాదు. కాబట్టి చూడడంలో దోషం లేదు. చూసినంత మాత్రాన వారి కులగోత్రాలు, కష్టసుఖాలు తెలిసిపోయాయని అనుకోవడంలోనే ఉంది.

జవాబు (పాత సీజన్ టికెట్టు):
చూడండి, రాసుకోండి. ఫొటో మాత్రం తీయకండి.

జవాబు (పర్లాకిమిడి టీచరు):
పై ఇద్దరి మాటలతోనూ ఏకీభవిస్తాను గానీ, ఆడవారి వైపు నుంచి ఒకటి చెప్పాలి. మగవారి చూపు మా మీద ఎంతసేపు నిలిచిందో మాకు తల ఎత్తకుండానే తెలుస్తుంది. మేము తల ఎత్తినప్పుడు ఆ చూపు మర్యాదగా పక్కకు తప్పుకుంటే ఎవరికీ బాధ ఉండదు. తప్పుకోకపోతే అది పరిశీలన కాదు, దబాయింపు. ఆడవారి పెట్టెలో ఈ చిక్కు లేదు కనుక అక్కడ అందరూ అందరినీ ధారాళంగా చూస్తారు, ఆ తరువాత చీర ధర కూడా అడిగేస్తారు.

గుణుపురం బండిలో నేను తరచుగా చూసే ఒకావిడ ఒడిలో కనకాంబరాలు పోసుకుని మాల కడుతూ వస్తుంది. రెండు పూలు ఇటు, రెండు అటు పెట్టి, దారం మెలివేసి బిగించడం అంతా వేళ్లే చూసుకుంటాయి, కళ్లు మాత్రం పెట్టె అంతా కలయజూస్తుంటాయి. ఆవిడ చూపును ఇంతవరకు ఎవరూ తప్పుపట్టలేదు. చేతులకు పని ఉన్నవారి చూపు ఎవరికీ గుచ్చుకోదని నా అభిప్రాయం.

జవాబు (రిటైర్డు లెక్చరర్):
బస్సులు, రైళ్లు, ట్రాములు రాకముందు మనుషులు ఒకరినొకరు మాట్లాడకుండా నిమిషాల తరబడి, గంటల తరబడి చూస్తూ కూర్చోవలసిన పరిస్థితే లేదని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త జార్జ్ జిమ్మెల్ 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లోనే గమనించారు. 1970ల ఆరంభంలో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ తన విద్యార్థుల చేత న్యూయార్క్ పరిసరాల స్టేషన్లలో రోజువారీ ప్రయాణికుల ఫొటోలు తీయించి, తరువాత అదే ప్రయాణికులకు పంచి, వీరిలో ఎవరిని ఎరుగుదురని అడిగించారు. ముఖం బాగా తెలిసి ఒక్కనాడూ పలకరించని వారు ఒక్కొక్కరికి సగటున నలుగురున్నట్టు, మాటలు కలిసిన వారు ఇద్దరి కంటే తక్కువే ఉన్నట్టు తేలింది. అలాంటి ఇద్దరు దూరదేశంలో ఎదురుపడితే వెంటనే పలకరించుకుంటారని కూడా ఆయన అన్నారు. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి వరండాలో మన బండి ముఖం ఒకటి కనబడితే ఎంత ధైర్యంగా ఉంటుందో ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. టీచరు గారూ, రాసుకునేటప్పుడు ఏమి వదిలేయాలంటారు?

పర్లాకిమిడి టీచరు:
ఊరి పేరు, ఆసుపత్రి పేరు, జబ్బు పేరు వదిలేయండి. మన వైపు ఆ మూడూ కలిస్తే మనిషిని పోల్చుకోవడం చిటికెలో పని. ఆ ఎక్స్‌రే కవరును నిలబెట్టిన తీరు మాత్రం ఉంచండి. ఇంకొక మాట, బండిలో రాయకండి, కార్యాలయానికి వెళ్లాక రాసుకోండి. పుస్తకం తెరిచి తల ఎత్తుతూ దించుతూ రాసేవారిని చూస్తే మన జనం టికెట్ల తనిఖీకి వచ్చారనుకుంటారు.